మొహమాటపు నీడ

ఆ రోజు పొద్దున లాండ్రీ మావయ్య పెట్టుకున్న పనులు రెండే రెండు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి డాబా మీద ఆరేయడం మొదటిది. పదింటికి వీధిలోకి రాబోయే, కట్టడాలకు అనుమతులిచ్చే ప్లానింగ్ ఆఫీసు మేడమ్‌కి ఒక్క వాక్యం చెప్పడం రెండోది. మొదటి పని ఆయన నిద్రలో లేపినా చేస్తాడు. రెండోదాని కోసమే కొన్నాళ్లుగా అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు.

“అమ్మా, మా డాబా మీద ఎండ పోతే మా బతుకు పోతుంది.”

ఈ వాక్యం అత్తయ్య తయారుచేసింది. మొదట్లో ఇది చాలా పొడుగ్గా ఉండేది. ఎదుటి ఖాళీ స్థలంలో లేవబోయే పది అంతస్తుల మేడ నీడ మధ్యాహ్నం దాకా తమ డాబాను వదలదన్న సంగతి అందులో ఉండేది. ఆసుపత్రివాళ్లు ఎండలో ఆరిన దుప్పట్లు తప్ప ముట్టుకోరన్న సంగతి, ఆ గిరాకీ పోతే లాండ్రీకి తాళం వేసి ఇంట్లో కూర్చోవడమేనన్న సంగతి కూడా ఉండేవి. మావయ్య ఒక్కోసారి ఒక్కోటి మింగేస్తుంటే విసిగిపోయి, అత్తయ్య కత్తిరించి కత్తిరించి చివరికి ఇంతకు తెచ్చింది.

ఆ వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన మావయ్యే, ఆవిడ అత్తయ్యే. మావయ్య నోట్లో నాలుక లేని మనిషేం కాదు. కోటు మీద మరక గురించి బేరం వస్తే ఎదుటివాడు చేతులెత్తేసేదాకా మాట్లాడగలడు. కాకపోతే ఆయనకొక జబ్బుంది. దాని పేరు ఆశ్చర్యం. పెద్దదో ఎత్తైనదో ఏదైనా కంటపడితే ఆయన నోరు తెరుచుకుంటుంది గానీ మాట బయటికి రాదు. ఒకసారి వీధిలోకి వచ్చిన పెద్ద క్రేను తగిలి లాండ్రీ బోర్డు ఊడి కిందపడింది. డ్రైవరు భయపడుతూ దిగి బతిమాలబోతే, మావయ్య ఆ క్రేను కొక్కెం వంక తలెత్తి, “అబ్బ! ఎంత పైకి పోతుందయ్యా ఇది?” అన్నాడు. డ్రైవరు ఎంత పైకి పోతుందో చూపించి మరీ వెళ్లాడు. కొత్త బోర్డు మావయ్యే రాయించుకున్నాడు.

“ఇవాళ మీరు దేన్నీ చూడకండి,” అంది అత్తయ్య, తడి దుప్పటి అంచు ఆయన చేతికిస్తూ. “ఆవిడ చెప్పుల వంక చూస్తూ చెప్పేయండి. తలెత్తారో, అయిపోయాం.”

“చెప్పుల్లో ఆశ్చర్యపోవడానికి ఏముంటుందే?”

“మీకు దొరుకుతుంది లెండి.”

ఇద్దరూ ఆఖరి దుప్పటి దులిపి తీగ మీద వేస్తుండగా లెక్కల మాస్టారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. ఒక చేతిలో పొడవాటి కర్ర, ఇంకో చేతిలో దారపుండ. బళ్లో లెక్కలు చెప్పడం మానేశాక వీధివాళ్ల సంఘానికి అధ్యక్షుడయ్యారు గానీ, లెక్కలు మాత్రం ఆయన్ను మానలేదు.

“ఏమయ్యా, నీ దగ్గర నల్లగుడ్డ ఎంతుంది?” అన్నారు, పలకరింపు కూడా లేకుండా.

“ఎందుకండీ, నిరసనా?”

“నిరసన కాదు, నిరూపణ! పక్కవీధివాళ్లు ఏం చేశారో చూశావుగా. ఆవిడ వచ్చినప్పుడు నీళ్లన్నారు, దుమ్మన్నారు, బండ్లు పెట్టుకునే చోటన్నారు. గంటసేపు మొత్తుకున్నారు. ఆవిడ అన్నీ విని ‘ఆలోచిద్దాం’ అని వెళ్లిపోయింది. ఇప్పుడక్కడ మేడ లేచి కూర్చుంది. చెవిలో పోసింది చెవిలోంచే పోతుందయ్యా. కంటికి చూపించాలి. ఆ పది అంతస్తుల నీడ చలికాలం పొద్దున ఎందాకా పడుతుందో నేను లెక్క కట్టాను. అంతమేరా నల్లగుడ్డ పరుద్దాం. ఆవిడ మీ డాబా ఎక్కి ఒక్కసారి చూస్తే చాలు. మనం నోరు విప్పక్కర్లేదు.”

నోరు విప్పక్కర్లేదన్న మాట మావయ్య చెవిలో అమృతం పోసినట్టయింది. కింద అరల్లో నాటకం కంపెనీవారి నల్లతెరలు ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉన్నాయి. ఒక్కో తెర ఒక ఇంటిని కప్పేయగలదు.

“పరాయి సొత్తండీ అది!” అంది అత్తయ్య.

“ఒక్క గంటే కదే. సాయంత్రానికి మళ్లీ ఉతికి ఇచ్చేస్తాం.”

“మీదే మొదటి ఇల్లు. మీ డాబాతోనే మొదలుపెట్టాలి,” అన్నారు మాస్టారు కర్ర నేలకు ఆనించి.

మావయ్య గతుక్కుమన్నాడు. “దుప్పట్లు ఇంకా తడే మాస్టారూ. మధ్యాహ్నానికి ఆసుపత్రి బండి వస్తుంది. వాటి మీద నల్లగుడ్డ కప్పితే ఆరేదెప్పుడు? అయినా మా నష్టం అందరికీ తెలిసిందేగా. అవతలి నుంచి పరవండి.”

“అదీ నిజమే,” అన్నారు మాస్టారు. “తెలిసినదాన్ని నిరూపించక్కర్లేదు.”

అలా ఆ డాబా ఒక్కటీ వదిలేసి తెరలు పరిచారు. మాస్టారు దారం లాగి గీత చూపిస్తుంటే మావయ్యా, నలుగురు కుర్రాళ్లూ తెరలు మోశారు. నీడ లాండ్రీ పక్కింటి డాబా మీంచి దిగి, రోడ్డుకి అడ్డంగా పడి, చిన్నపిల్లల బడి ఆవరణంతా నిండి, ఇంకో రెండిళ్ల గోడలెక్కి, పాలకొట్టు మెట్టు దగ్గర కత్తితో కోసినట్టు ఆగింది. లెక్క ప్రకారం అక్కడికి సరి. పని అయిపోయిందని అందరూ చేతులు దులుపుకున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదని వాళ్లకి అప్పుడు గుర్తు రాలేదు.

పాలకొట్టు దాటగానే వచ్చేది కుట్టుమిషను పిన్ని ఇల్లు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, నల్లతెర అంచును చూసింది, తన గడపను చూసింది, మధ్యలో మిగిలిన జానెడు ఖాళీని చూసింది.

“ఏం మావయ్యా, పాలకొట్టు దాకా వచ్చి మా గుమ్మం ముందు ఆగిపోయిందేం? మేం ఈ వీధివాళ్లం కామా?”

“అది కాదమ్మా, నీడ అక్కడిదాకేనట.”

“అక్కడిదాకేనట! అందరి ఇళ్ల మీదా పడుతుంది గానీ మా ఇంటి మీద పడదన్నమాట. చందాలడిగేటప్పుడు మా ఇల్లు బాగానే కనబడుతుందే!”

“అమ్మా, సూర్యుడి కోణం...” అని మాస్టారు మొదలుపెట్టారు.

“సూర్యుణ్ణి అనకండి మాస్టారూ. ఆయన అందరికీ ఒకటే. పరిచినవాళ్లకే తేడా వచ్చింది,” అని పిన్ని మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. క్షణంలో మిషను చప్పుడు మొదలైంది. ఆ చప్పుడులో కూడా కోపం వినబడింది.

మావయ్య ప్రాణం ఉసూరుమంది. చేతిలో పెళ్లి శుభలేఖ ఉంచుకుని పక్కింటివాళ్లకు ఇవ్వడం మరిచిపోయినంత సిగ్గేసింది. “ఒక్క గుడ్డే కదా మాస్టారూ. ఆవిడ ఎన్నేళ్లుగానో మన చిరుగులు కుడుతోంది,” అని లాండ్రీలోకి పరుగెత్తి, ఉతకడానికి వచ్చిన ఒక వకీలుగారి నల్లగౌను తెచ్చి పిన్ని గడప మీద పరిచాడు.

“కోణం పాడైపోయిందయ్యా!” అన్నారు మాస్టారు తలపట్టుకుని. మిషను చప్పుడు మాత్రం శాంతించింది.

ఇక చూడండి. పిన్నికి వేసినవాళ్లు పిన్ని పక్కింటికి వెయ్యకపోతే బాగుంటుందా? పక్కింటికి వేసి ఎదురింటిని వదిలేస్తే రేపు మొహం ఎలా చూపించాలి? తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఇంటింటికీ కాస్త కాస్త నీడ పంచుకుంటూ పోయారు. మిగిలిన వకీళ్ల గౌన్లన్నీ అయిపోయాయి. హోటలు పరదాలు అయిపోయాయి. అప్పుడు సందు చివర నుంచి పళ్ల డాక్టరు మూతికి గుడ్డ కట్టుకునే వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టిన రోగిని అలాగే వదిలేసి వచ్చినట్టున్నాడు.

“నా క్లినిక్ సందులో ఉందనేగా ఈ చిన్నచూపు?”

“డాక్టరుగారూ, మీకు దణ్ణం పెడతాను,” అన్నారు మాస్టారు. “నీడ మలుపు తిరగదండీ!”

“మావయ్యకి అర్ధరాత్రి పన్ను పోటు వచ్చినప్పుడు మావయ్య మలుపు తిరిగాడుగా!”

నీడ మలుపు తిరిగింది. డాక్టరుగారి రోగి అప్పటికే తెరిచి ఉన్న నోటితో బయటికొచ్చి దాన్ని చూశాడు.

లాండ్రీలో గుడ్డలు నిండుకున్నా నీడ ఆగలేదు. అలిగివచ్చినవాళ్లే ఇప్పుడు సొంత దుప్పట్లు మోసుకొచ్చారు. గొడుగులు తెచ్చి విప్పి వరసగా పెట్టారు. కారు మీద కప్పే కవరు, టీవీ మీద కప్పే గుడ్డ, ఒక కాపలాదారు వానకోటు, ఎవరిదో గుమ్మం ముందు వేసే నల్లపట్టా అన్నీ వచ్చి చేరాయి. పైవాటాల వాళ్లు మేమేం తక్కువ తిన్నామంటూ కిటికీల్లోంచి కంబళ్లు వేలాడదీశారు. ఖాళీ స్థలానికి అవతలి వైపు ఇళ్లవాళ్లు వచ్చి నిలదీసేసరికి మాస్టారు కూడా ఓడిపోయారు. “సాయంత్రం పూట అటే పడుతుంది లెండి,” అని తన చేతుల్తో తనే నాలుగు గొడుగులు అటు పెట్టి వచ్చారు. ఆ తర్వాత సూర్యుడు పుట్టి బుద్ధెరిగి వెళ్లని దిక్కుల్లోకి కూడా నీడ వెళ్లింది. కందకు లేని దురద కత్తికెందుకని మాస్టారు ఇక నోరెత్తలేదు.

అంతలో నాటకం కంపెనీ పెద్దాయన తెరల కోసం బండి వేసుకుని వచ్చాడు. సాయంత్రం రావలసిన మనిషి పొద్దున్నే వచ్చాడు. వీధి మొదట్లో దిగి, ఎదుట పరుచుకున్నదాన్ని చూసి కర్రలా నిలబడిపోయాడు. మావయ్య ఎదురు పరుగెత్తాడు.

“బాబాయ్, ఒక్క గంటలో... మళ్లీ ఉతికి...”

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. కళ్లు చెమర్చాయి. “నేను కుర్రవాణ్ణిగా ఉన్నప్పటి నుంచి ఈ తెరలు నా వెనకే వేలాడుతున్నాయయ్యా. వీటి ముందు నిలబడి గొంతు చించుకుంటే జనం ఆవలించారు. ఇవాళ ఇవి ఒక్క మాట మాట్లాడకుండా వీధి వీధినంతా నిలబెట్టేశాయి,” అన్నాడు. తన నల్లకోటు విప్పి, ఎక్కడో బోసిగా కనబడిన అరుగు మీద జాగ్రత్తగా పరిచి, “పైనుంచి చూడొచ్చా?” అని అడిగాడు.

లాండ్రీ డాబా మీద తెల్ల దుప్పట్ల మధ్య నుంచి ఒదిగి ఒదిగి జనం పిట్టగోడ దగ్గరికి చేరారు. మావయ్య కూడా అప్పుడే మొదటిసారి పైనుంచి చూశాడు.

రోజూ చెప్పులీడ్చుకుంటూ నడిచే వీధి లేదక్కడ. పట్టపగలు రాత్రి వచ్చి అక్కడ పడుకున్నట్టుంది. గోడలెక్కి, మెట్లు దిగి, కిటికీల్లోంచి జారి, సందులోకి ఒళ్లు విరుచుకుంటూ పోయింది ఆ నలుపు. ఒక కుక్క దాని అంచు దాకా వచ్చి, వాసన చూసి, నీడే అనుకుని అందులో పడుకుని, ఒళ్లు చుర్రుమంటే లేచి అయోమయంగా చూసింది. అది నిజం కాదని అందరికీ తెలుసు. సగానికి పైగా తామే మోసుకొచ్చామని తెలుసు. అయినా ఎవరికీ నోట మాట రాలేదు. పిన్ని ముక్కున వేలేసుకుంది. ఇన్నాళ్లూ పది అంతస్తులు పది అంతస్తులని అనుకోవడమే గానీ, అది తమ నెత్తిన ఎంత మేర కూర్చుంటుందో వాళ్లు కళ్లారా చూడటం అదే మొదలు. మావయ్య గుండె భయంతో కొట్టుకుంది. ఆ భయంలోనే ఎక్కడో ఒక గర్వం కూడా కొట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మేడమ్ కారు దిగింది. పక్కనే బిల్డరు, చంకలో నక్షాల చుట్ట. ఆవిడ నల్లగుడ్డ మీద నడవనా మాననా అని ఒక్క క్షణం ఆగి, చెప్పులు చేత పట్టుకుని నడిచింది. బిల్డరు అది కూడా చెయ్యలేకపోయాడు. తన మేడ నీడను తానే తొక్కడానికి జంకి, గోడల వెంబడి ఒరుసుకుంటూ వచ్చాడు.

మెట్లెక్కి కిందికి చూసి మేడమ్ పక్కనే బోర్లించి ఉన్న బకెట్టు మీద కూర్చుండిపోయింది.

“ఇదంతా మీ మేడ నీడేనా?”

“నేను పది అంతస్తులే కడతానన్నానండీ!” అన్నాడు బిల్డరు. గొంతులో సగం భయం, సగం పరవశం. “ఏమండీ మాస్టారూ, ఇంత నీడ పడాలంటే నేను ఎన్ని కట్టాలి?”

“ఓ డెబ్భై.”

“డెబ్భై...” అన్నాడు బిల్డరు మెల్లగా, మిఠాయి ముక్క నోట్లో వేసుకున్నట్టు.

మేడమ్ కాసేపు చూసి, “మాస్టారూ, నేను కూడా లెక్కలు చదువుకున్నదాన్నే. నీడ ఆ సందులోకి ఎలా తిరిగిందో చెబుతారా?” అంది.

అందరూ పళ్ల డాక్టరు వంక చూశారు. డాక్టరు తన మూతిగుడ్డను కళ్ల దాకా లాక్కున్నాడు. మాస్టారు జన్మలో తప్పుడు లెక్క చెప్పిన మనిషి కాదు.

“సగం నీడ లెక్కదమ్మా,” అన్నారు తలవంచుకుని. “మిగతా సగం మొహమాటానిది.”

మేడమ్ నవ్విన నవ్వుకు కింద బకెట్టు కదిలింది. పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుని, చివరికి, “సరే, మొహమాటానిది తీసేయండి. లెక్కది మాత్రం ఉంచండి,” అంది.

జనమంతా బిలబిలమంటూ కిందికి దిగారు. ఎవరి గొడుగు వాళ్లు ముడుచుకున్నారు, ఎవరి కంబళి వాళ్లు లాక్కున్నారు. ఒకరి దుప్పటి ఇంకొకరి చేతికి పోయి చిన్న గొడవ మొదలైతే అత్తయ్య తీర్పు చెప్పడానికి వెళ్లింది. మాస్టారు దారం పట్టుకుని అంచు సరిచేయడానికి పోయారు. కాసేపటికి వీధిలో నాటకం తెరలొక్కటే మిగిలాయి. చిత్రమేమిటంటే, అంత తీసేశాక మిగిలిందే ఎక్కువ గుబులు పుట్టించింది. ఇందాకటిది నమ్మలేనంత పెద్దది. ఇది నమ్మేంత పెద్దది. బడి ఆవరణలో జారుడుబల్ల పైకొస ఒక్కటే ఎండలో మెరుస్తోంది, కింద అంతా నలుపు. మేడమ్ మొహంలో నవ్వు పోయింది.

“పిల్లలాడుకునే చోటు కదా అది?” అంది బిల్డరు వైపు తిరిగి. “నీడ ఎవరి మీదా పడకుండా ఎన్ని అంతస్తులు వస్తాయి?”

“అస్సలు పడకూడదంటే నేను నేలలోకి తవ్వుకుంటూ పోవాలి మేడమ్. కనీసం ఎదుటి ఇంటి మీదయినా పడనివ్వండి. నాలుగు కట్టుకుంటాను.”

“ఎదుటి ఇల్లేది?”

“మనం నిలబడ్డదేనండీ.”

మేడమ్ చుట్టూ చూసింది. నల్లగుడ్డ పీలిక కూడా లేదు. తెల్ల దుప్పట్లు పెళపెళలాడుతున్నాయి. వాటి మధ్య, పిట్టగోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని, ఒకే ఒక్క మనిషి కిందికి చూస్తున్నాడు.

“ఏమండీ, ఈ డాబా మీదేనా? పొద్దునపూట ఇక్కడ నీడ పడితే మీకెలా ఉంటుంది?”

మావయ్య ఉలిక్కిపడి తిరిగాడు. అద్దం ముందు వల్లించిన వాక్యం నాలుక చివరికి వచ్చింది. అత్తయ్య చెప్పినట్టే ఆవిడ కాళ్ల వంక చూశాడు. చెప్పులు ఆవిడ చేతిలో ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ చూపు పైకి పోయింది. “అమ్మా, మా డాబా...” అనేసరికి ఎక్కడి నుంచో గాలి ఈడ్చి కొట్టింది. కింద వీధిలో నల్లతెరలన్నీ ఒక్కసారిగా పొంగి, ఊపిరి తీసుకుంటున్నట్టు పైకి లేచాయి. అదే గాలికి డాబా మీద తెల్ల దుప్పట్లన్నీ ఒక్క పెట్టున ఎగిరాయి. కింద నలుపు, పైన తెలుపు, మధ్యలో తను. తన చేతులతో ఉతికిన గుడ్డలు ఇంత పని చేయగలవని మావయ్య కలలో కూడా అనుకోలేదు.

“అద్భుతం!” అన్నాడు.

“అద్భుతమా?” అంది మేడమ్.

“మాటల్లేవమ్మా!”

ఆ మాట మాత్రం నిజం. బిల్డరు గబుక్కున వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. మేడమ్ పిట్టగోడ దగ్గరికి వెళ్లి, నాలుగే అంతస్తులని, నీడ లాండ్రీ దాటి అంగుళం కూడా రాదని గట్టిగా చెప్పింది. వీధిలో ఈలలు, చప్పట్లు. ఎవరెవరో పైకి పరుగెత్తుకొచ్చి మావయ్యను భుజాల మీద ఎత్తుకుని కిందికి మోసుకెళ్లారు. అంత ఎత్తు నుంచి వీధిని చూడటం కూడా ఆయనకి ఆశ్చర్యంగానే ఉంది.

అత్తయ్య ఎదురొచ్చింది. “లాండ్రీ దాటి రాదంటే... మన మీద పడుతుందనేగా? మన సంగతి చెప్పారా, లేదా?”

“చెప్పబోయానే...” అన్నాడు మావయ్య పైనుంచి.

“చెప్పబోయి?”

“అద్భుతమన్నాను.”

అత్తయ్య అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది. “అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీరు అడక్కపోగా మెచ్చుకుని పంపించారా?” అంది. ఆ తర్వాత తిట్టలేదు. కొంగు కళ్లకద్దుకుంది. ఆవిడ తిట్టకపోవడం చూశాకే వీధివాళ్లకి సంగతి అర్థమైంది. మావయ్యను మోస్తున్నవాళ్లు ఆయన్ను మెల్లగా నేల మీద దింపారు.

పిన్ని ఒక్క అంగలో కారు దగ్గరికి ఉరికింది. “అమ్మా, ఆయన ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెప్పాడు. ఆయన బతుకంతా ఆ డాబా మీదేనమ్మా. మళ్లీ రాసుకోండి!” అంది.

మేడమ్ కారు తలుపు పట్టుకుని, మొహం పాలిపోగా మావయ్య వంక చూసింది. “అయ్యో, అద్భుతమంటే ఒప్పుకున్నట్టే అనుకున్నానే! ఫైలు మళ్లీ తెరుస్తాను. కానీ తెరిస్తే పది దగ్గర నుంచే మొదలవుతుంది. చివరికి ఎన్ని దగ్గర తేలుతుందో నేను చెప్పలేను. మీ ఇష్టం.”

“తెరవండి,” అన్నారు మాస్టారు. “తెలిసినదాన్ని నిరూపించక్కర్లేదన్న తప్పు నాది.”

“తెరవండి,” అన్నాడు డాక్టరు.

మావయ్య బడి వైపు చూశాడు. అప్పుడే తెర లాగేసినట్టున్నారు, జారుడుబల్ల మొత్తం ఎండలో ధగధగలాడుతోంది. పిల్లలు దాని మీదికి ఎగబడుతున్నారు. ఈసారి ఆయనకి నోరు పడిపోలేదు.

“వద్దమ్మా, నాలుగే ఉండనివ్వండి,” అన్నాడు స్పష్టంగా. ఇంట్లో అద్దం ముందు కూడా అంత బాగా ఎప్పుడూ పలకలేదు.

కారు వెళ్లిపోయాక ముందుగా పిన్నే నోరు విప్పింది. “మా డాబా మీద రోజంతా ఎండే కదా మావయ్యా. మిగతా వీధికి ఎండ మిగిలింది నీ పుణ్యమే. ఆ దుప్పట్లేవో తెచ్చి మా ఇంటి మీద ఆరెయ్యి.” ఆ మాటతో డాక్టరు తన డాబా అన్నాడు, మాస్టారు తన డాబా అన్నారు, పాలకొట్టు ఆయనకి డాబా లేకపోతే పాక మీది రేకులు చూపించాడు. మొహమాటపడి వద్దనబోయిన మావయ్య కాలిని అత్తయ్య గట్టిగా తొక్కింది.

నాలుగు అంతస్తులూ లేచి నిలబడ్డాయి. నీడ చెప్పిన చోటే ఆగింది. ఆసుపత్రి నుంచి పెద్ద నర్సమ్మ స్వయంగా తనిఖీకి వచ్చి, ఆ నీడలో బోసిగా ఉన్న లాండ్రీ డాబాను చూసి మొహం చిట్లించింది.

“ఇక్కడ ఎండే లేదు. మా దుప్పట్లు ఎక్కడ ఆరేస్తున్నారండీ?”

మావయ్య ఆవిడను పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లి చెయ్యి చాపి చూపించాడు. వీధి మొదలు నుంచి చివరి దాకా, సందులోకి తిరిగి కనుచూపు ఆనినంత మేరా, ఒక్క డాబా విడవకుండా తెల్ల దుప్పట్లు ఎండలో వెలుగుతున్నాయి. నర్సమ్మ నోరు తెరుచుకుంది. ఎంతసేపటికీ మాట రాలేదు. వచ్చాక, పిల్లల వార్డు దుప్పట్లు, ఆపరేషను గది గుడ్డలు కూడా రేపటి నుంచి ఇక్కడికే పంపిస్తానంది.

అందుకోసం రోజూ ఎక్కి దిగే ఇన్నిళ్ల మెట్ల సంగతి మాత్రం ఆవిడా అడగలేదు, మావయ్యా చెప్పలేదు.